పాత సబ్‌మెరీనరా, కొత్త సబ్‌మెరీనరా?

రోలెక్స్ వాచీ మీద రాస్తున్నానంటే వీడికి డబ్బులు ఎక్కువయ్యాయి అనుకుంటారేమో. ముందే చెప్పేస్తున్నా, నా చేతికున్నది కాసియో. అదీ ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కొన్నది :)

పోయినేడు నా ఉద్యోగం ఊడింది. ఎచ్1బీ మీద ఉన్నవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ మన పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, రెండూ కాకపోతే పెట్టెలు సర్దుకోవాలి. నాకు 41వ రోజున ఆఫర్ వచ్చింది, 56వ రోజున పిటిషన్ పడింది. ఆ ఊపులో, ఎన్నాళ్ళుగానో కన్నేసిన సబ్‌మెరీనర్ కోసం షాపులో పేరు రాయించేశాను. ధర పదివేల డాలర్ల పైమాటే. అప్పట్లో అదేం లెక్కగా అనిపించలేదు. గండం గట్టెక్కినవాడికి అన్నీ చవకే కదా!

నెలక్రితం షాపు నుంచి ఫోన్. మీ వాచీ వచ్చింది, వారంలోగా ఏ సంగతీ చెప్పండి అని.

డాలస్‌లోనే ఉండే మా బాబాయ్ దగ్గర పాత సబ్‌మెరీనర్ ఉంది. ఆయన 1998లో వై2కే పుణ్యమా అని వచ్చి, 2000లో దాదాపు నాలుగు వేలు పెట్టి కొన్నాడు. మోడల్ 16610. సరే, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామని శనివారం ఇద్దరం షాపుకెళ్ళాం.

కొత్తది 126610, 2020లో వచ్చిన మోడల్. చూడగానే ఆశ్చర్యపోయిన సంగతేంటంటే, కాగితం మీద పాతది 40 మిల్లీమీటర్లు, కొత్తది 41, కానీ చేతికి పెట్టుకుంటే పెద్ద తేడా తెలీదు. ఈ రెంటికీ మధ్య 2010లో ఒక మోడల్ వచ్చింది. పేరుకి అదీ 40 మిల్లీమీటర్లే గానీ, గొలుసు తగిలించే చెవులు బాగా లావు చేసి వాచీని పలకలా చేసేశారు. 2020లో మళ్ళీ సన్నం చేశారు. మన భాషలో చెప్పాలంటే యూజర్లు గోల పెట్టిన డిజైన్‌ని రోల్‌బ్యాక్ చేసి, వెర్షన్ నంబర్ మాత్రం పెంచారన్నమాట.

లోపలి మెషీన్ సంగతి. పాతదాంట్లో ఉన్నది 3135. 1988లో వచ్చి, సబ్‌మెరీనర్‌లో 2020 దాకా పనిచేసింది. ముప్ఫై ఏళ్ళు ప్రొడక్షన్‌లో నిలబడ్డ కోడ్ మనలో ఎంతమందిమి రాశామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. కొత్తది 3235. పాతది తీసి పక్కన పెడితే దాదాపు 48 గంటలు నడుస్తుంది, కొత్తది 70. అంటే శుక్రవారం సాయంత్రం తీసి పెడితే పాతది ఆదివారం సాయంత్రానికి ఆగిపోతుంది, కొత్తది సోమవారం ఆఫీసుకెళ్ళే వేళకి కూడా తిరుగుతూనే ఉంటుంది. నీళ్ళలో 300 మీటర్ల లోతు మాత్రం రెంటికీ ఒకటే. (1953లో వచ్చిన మొట్టమొదటి సబ్‌మెరీనర్‌కి 100 మీటర్లే.) మా బాబాయ్ స్విమ్మింగ్ పూల్‌లో కూడా మెడలోతు దాటి దిగడు, అది వేరే విషయం.

గొలుసు దగ్గర పాతది చిత్తుగా ఓడిపోయింది. దాని లాక్ మడిచిన రేకుముక్కలా ఉంటుంది. కొత్తదాని లాక్‌లో ఏ పనిముట్టూ లేకుండా 2 మిల్లీమీటర్ల చొప్పున 20 మిల్లీమీటర్ల దాకా వదులు చేసుకోవచ్చు.

ఇక అద్దం చుట్టూ తిరిగే రింగు, బెజెల్ అంటారు. నీళ్ళలో దిగేటప్పుడు దాని మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడితే, లోపల ఎంతసేపున్నామో చూపిస్తుంది. అది ఒక్కవైపే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి జరిగినా, ఉన్న సమయం కంటే ఎక్కువ అయిపోయినట్టే చూపిస్తుంది. మనిషి ముందే పైకి వచ్చేస్తాడు. తప్పు జరిగినా ప్రాణం పోని వైపే జరగాలి అన్న ఈ ఆలోచన నాకు భలే నచ్చుతుంది.

పాతదాంట్లో ఈ రింగు పైభాగం అల్యూమినియం, ఎండకి వెలుస్తుంది, గీతలు పడుతుంది. కొత్తది సెరామిక్. వెలవదు, గీతలు పడటం కష్టం, గట్టి దెబ్బ తగిలితే మాత్రం పగలొచ్చు. బాబాయ్‌ది నలుపు పోయి బూడిదరంగులోకి దిగింది. 20 అంకె పక్కన ఒక పెద్ద గీత.

"ఇదెక్కడిది బాబాయ్?" అన్నాను.

"2001లో ఉద్యోగం పోయాక అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఫ్రెండు వాళ్ళింటికి మారుతున్నప్పుడు ఫ్రిజ్ మోస్తుంటే గీసుకుందిరా."

అప్పట్లో ఈ 60 రోజులు కూడా లేవు. ఆ రూలు వచ్చింది 2017లో. ఆ నెలలో వాచీ అమ్మేద్దామని వెళితే షాపువాడు సగం ధర చెప్పాడట. సిగ్గేసి వచ్చేశాడు.

నేనేమో ఆ గీతనీ వెలిసిన రంగునీ చూసి, పాతదాంట్లో జీవితం ఉంది, కొత్తదాంట్లో లేదు అని ఏదో కవిత్వం మొదలెట్టబోయాను. బాబాయ్ మధ్యలోనే ఆపేశాడు.

"కొత్తదే మంచిదిరా. ఆ లాక్ ఒక్కటి చాలు. కానీ ఒక్క మాట. ఆ రోజుల్లో నా చేతికి నాలుగు వేల వాచీ ఉంది, బ్యాంకులో మూడొందలున్నాయి. రాత్రిళ్ళు పడుకుని, ఇది తిరగబడి ఉంటే ఎంత బావుండేదో అనుకునేవాణ్ణి."

ఇంటికొచ్చి లెక్కేశాను. ఆ డబ్బు నాకు ఆరు నెలల అద్దె. వాచీకి 70 గంటల పవర్ రిజర్వ్ ఉందని మురిసిపోతున్నాను సరే, మరి నాకెంత ఉంది? పోయినేడు 56 రోజుల్లో 40 రాత్రులు నిద్రపోలేదు. వీసా గడువు నేను పెంచలేను గానీ, ఆ గడువులో డబ్బు గురించి భయపడకుండా ఉండటం నా చేతుల్లో పనే.

సోమవారం ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. అతను మర్యాదగానే పెట్టేశాడు, నా వెనక లైన్లో ఎంతమందున్నారో మరి.

పాతదా, కొత్తదా అని అడిగితే మాత్రం నా ఓటు కొత్తదానికే. గ్రీన్‌కార్డు వచ్చాక మళ్ళీ పేరు రాయిస్తాను. మన క్యూ సంగతి మీకు తెలుసుగా, ఈలోపు ఇంకో రెండు మోడళ్ళు వచ్చేస్తాయి :)

మీరైతే ఏం చేసేవారు?