మొత్తం కుదిరింది... మరి నా ఖాతా?

శనగైనా, పత్తైనా, వేరుశనగైనా... కర్నూలు, కడప పల్లెల్లో పెట్టుబడి కోసం రైతు ఎక్కే గడప చాలాసార్లు గ్రామీణ బ్యాంకుదే. గడప పాతదే, బోర్డే మారుతూ వచ్చింది. 1976లో కడప కేంద్రంగా పుట్టిన రాయలసీమ గ్రామీణ బ్యాంకు, 2006లో శ్రీ అనంత, పినాకినీ బ్యాంకులతో కలిసి ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది. 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారింది. పోషక బ్యాంకు కూడా కెనరా నుంచి యూనియన్ బ్యాంకుకు మారింది.

బోర్డు మార్చడానికి ఒక పూట చాలు. నాలుగు బ్యాంకుల లెక్కల్ని ఒక్కచోటికి చేర్చడమే కష్టం!

బ్యాంకు లెక్కలన్నిటికీ తల్లివేరు జనరల్ లెడ్జర్. పొదుపు ఖాతాలది ఒక పద్దు, పంట రుణాలది ఒకటి, బంగారం రుణాలది మరొకటి. పాత సాఫ్ట్‌వేర్‌లో పద్దుకున్న నంబరు కొత్తదాంట్లో ఉండకపోవచ్చు. అందుకే ఏ పద్దు ఎక్కడికి వెళ్లాలో ముందే పట్టిక రాసుకుంటారు. లావాదేవీలు ఆపి, ఆనాటి ముగింపు నిల్వల్నే కొత్తదాంట్లో ప్రారంభ నిల్వలుగా ఎక్కిస్తారు. డెబిట్లు, క్రెడిట్లు సమానమైతే ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినట్టే.

కుదిరితే అంతా సరైనట్టేనా? కాదు. ఓబులేసు పదివేలు నాగన్న ఖాతాలో, నాగన్న రెండువేలు ఓబులేసు ఖాతాలో పడినా మొత్తం మారదు. ఆ తప్పును పట్టుకునేది మొత్తాల పట్టీ కాదు... ఒక్కో ఖాతానూ సరిచూసే మనిషి కన్ను.

తేదీల సంగతి ఇంకా సున్నితం. 3 లక్షల దాకా పంట రుణాన్ని గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది. 7 శాతం వడ్డీ 4కు దిగుతుంది. గడువు తేదీలో ఒక్క అంకె తారుమారైతే? అసలు సరిగ్గానే కనిపిస్తుంది, రాయితీ మాత్రం జారిపోతుంది. లక్షకు ఏడాదికి మూడువేలు! వాన కోసం మొగులు చూసే ఊళ్లలో అది చిన్న మొత్తం కాదు.

అందుకే పాత పాస్‌పుస్తకం పారేయొద్దు. అందులోని చివరి నిల్వనూ కొత్తదాని మొదటి నిల్వనూ పక్కపక్కన పెట్టి చూడండి. బంగారం రసీదు మీది తేదీ, బరువు కూడా. తేడా ఉంటే శాఖలో రాసిచ్చి రసీదు తీసుకోండి.

ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య పాస్‌పుస్తకం దాచే అవ్వలు సీమలో ఎందరో. కంప్యూటర్లు రాకముందు నుంచీ వాళ్లకు తెలిసిన సంగతే ఇది. డబ్బు బ్యాంకులో ఉన్నా, సాక్ష్యం మన దగ్గరుండాలి.