మా వదిన చేతిలో తెగిన పోగు

మా మామగారు జన్మలో చుక్క ముట్టలేదు. అయినా పెనుకొండ వీధిలో ఆయన నడిచొస్తుంటే "పొద్దున్నే వేసుకొచ్చాడు" అని నవ్వేవారు. తూలే నడక, ఊరికే ఎగిరే భుజాలు, అయినదానికీ కానిదానికీ కోపం. 1998లో పోయారు. ఏం జబ్బో ఎవరూ అడగలేదు.

మా వారి అక్కయ్యను ధర్మవరం ఇచ్చారు. వదిన పట్టుమగ్గానికి కండెలు చుట్టేది. నలభై దాటాక ఆమె చేతిలో పోగులు తెగడం మొదలైంది. వంటలో మరీ విచిత్రం. మన వైపు ఆడదానికి ఉగ్గాని ఒకరు నేర్పాలా చెప్పండి! అలాంటిది బొరుగులు తడిపి పెట్టుకుని, తర్వాత ఏం చేయాలో తోచక పొయ్యి ముందు నిలబడిపోయేది. మనుషుల్ని మాత్రం చక్కగా పేరు పెట్టి పలకరించేది. మతిమరుపైతే మనుషుల్ని మరిచిపోవాలి కదా! అందుకని బద్ధకం అనుకున్నాం. ఆ మాట నేనూ అన్నాను, దాచుకోను.

2019లో మా హిందూపురం తీసుకొచ్చి, ఇక్కణ్ణుంచి రైల్లో బెంగుళూరు నిమ్హాన్స్‌కి తీసుకెళ్ళాం. రక్తపరీక్షలో హంటింగ్టన్స్ వ్యాధి అని తేలింది. 1872లోనే జార్జి హంటింగ్టన్ అనే అమెరికా డాక్టరు దీని గురించి రాశాడు. మెదడు లోతున కాడేట్, పుటామెన్ అని భాగాలున్నాయి. అక్కర్లేని కదలికల్ని అణిచివుంచడం వాటి పనుల్లో ఒకటి. అక్కడి కణాలు చచ్చిపోతుంటే కాళ్ళూ చేతులూ వాటంతటవే ఆడతాయి. కాడేట్‌కి నుదుటి వెనకాల వుండే మెదడుతో లంకె. పనులు వరసగా చేసుకోవడం, కోపం ఆపుకోవడం ఆ రెంటి ఉమ్మడి వ్యవహారం. లంకె సడలితే ఉగ్గాని వరసా తప్పుతుంది! అల్జీమర్స్‌లో సాధారణంగా జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ ముందు దెబ్బతింటుంది, ఇందులో అలా కాదు. రానురాను మెదడు పై పొర కూడా పలచబడుతుందట.

మేనరికం వల్లేనన్నారు మావాళ్ళు. దానికీ దీనికీ సంబంధం లేదు. నాలుగో క్రోమోజోములో ఒకే ఒక్క జన్యువులో తేడా, 1993లో కనిపెట్టారు. అమ్మకో నాన్నకో ఒక్కరికుంటే చాలు, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఆ జన్యువు రాని బిడ్డ నుంచి తర్వాతి తరానికి పోదు. కోడలు కాలు పెట్టిన వేళ అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వినాలి.

నయం చేసే మందు లేదు. కదలికలు తగ్గడానికి టెట్రాబెనజిన్ వాడుతున్నాం. మనిషి చిక్కిపోతోంది. మెత్తటి సంకటిలో నెయ్యి ధారాళంగా పోసి, నిటారుగా కూర్చోబెట్టి, పొలమారకుండా కొద్దికొద్దిగా తినిపిస్తారు.

ఇక మా వారు. ఆయనకీ సగానికి సగమే కదా. పరీక్ష వద్దన్నారు. వద్దనే హక్కు ఆయనదేనని డాక్టర్లూ చెప్పారు, నేను బలవంతపెట్టలేదు. కానీ ఆయన పేపరు చదువుతుంటే నా కళ్ళు వేళ్ళ మీదికే పోతాయి.

ఈమధ్య మా అమ్మాయికి అనంతపురం సంబంధం వచ్చింది. చెప్పొద్దన్నారు పెద్దవాళ్ళు. అమ్మాయిని అడిగితే "చెప్పేయమ్మా" అంది. వెళ్ళి చెప్పొచ్చాం. వారమైంది, కబురు లేదు.