కొండ మీది ఇల్లు

బాలలూ! మదనపల్లె పేరు మీరు వినే ఉంటారు. టమాటాల బజారుకు ఆ ఊరు పెట్టింది పేరు. 1919లో విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు ఆ ఊరి కళాశాలలో కొద్దిరోజులు విడిది చేసి, తన "జనగణమన" గీతాన్ని ఇంగ్లీషులోకి తానే అనువదించారు. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోనే హార్స్లీ కొండలున్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉండిన హార్స్లీ దొర ఎండ బాధ పడలేక అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. ఆయన పేరే కొండకు నిలిచిపోయింది. అంతకు ముందు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మల్లమ్మ అనే పాపను ఏనుగులే పెంచాయని అక్కడివారు కథ చెబుతారు.

మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. కొండ శిఖరం సుమారు 1,265 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఈ లెక్కన కొండ మీద ఊళ్ళో కంటే ఎంత చల్లగా ఉంటుందో మీరే కట్టి చూడండి. ఇంచుమించు నాలుగు డిగ్రీలు వస్తుంది. దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే, బస్సు కిటికీలోనుంచి వచ్చే గాలిలోనే ఆ తేడా తెలిసిపోతుంది. పైన నీలగిరి చెట్లున్నాయి. వాటిలో 1859లో నాటినదని చెప్పే ముసలి చెట్టు ఒకటున్నది. దాని పేరు కల్యాణి.

ఆ కొండ మీద మా ఆవిడ పెద్దనాన్నగారు కట్టించిన రెండు గదుల రాతి ఇల్లు ఉన్నది. రాయికీ రాయికీ మధ్య మట్టి, పైన సున్నపు పూత, కప్పుకు మంగళూరు పెంకులు. చిన్నప్పుడు మా ఆవిడ ప్రతి వేసవికీ అక్కడికి వెళ్ళేది. పెద్దాయన ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి, తల ఎత్తు చూసి జాజుతో ఒక గీత గీసి, పక్కన సంవత్సరం వేసేవాడట. ఆ గీతల పక్కనే దీపం పెట్టే గూడు ఉండేది.

ఆయన పోయాక ఇల్లు పన్నెండేళ్ళు తాళం వేసి ఉండిపోయింది. నేను హెడ్మాస్టరు పని నుంచి రిటైరయిన ఏడాది, ఇద్దరమూ వెళ్ళి తాళం తీశాము. పెంకులు జారిపోయాయి. గోడల పూత పెచ్చులు పెచ్చులుగా రాలింది. మూలల్లో చెదపుట్టలు లేచాయి. అయినా గోడ మీద జాజు గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆవిడ వాటిని ఒక్కొక్కటే వేలితో తాకి చూసింది. ఆరేళ్ళ గీత నుంచి పద్నాలుగేళ్ళ గీత దాకా తొమ్మిది ఉన్నాయి.

"బాగు చేయించుకుందామండీ. సంవత్సరానికి నాలుగు నెలలు ఇక్కడే ఉందాం" అన్నది.

కాశీయాత్రకని దాచిన డబ్బు ఉన్నది. నేను దానికే చెయ్యి వేశాను. ఒక కంట్రాక్టరు వచ్చి, "సిమెంటు పూత పూస్తే వందేళ్ళు ఢోకా ఉండదు" అన్నాడు. మా ఆవిడ, "ఈ గోడ సున్నపుది కదా, సున్నమే పూద్దాం" అన్నది. "సున్నం పాతకాలపు పద్ధతి, నీకు తెలియదు" అని నేను కొట్టిపారేశాను. మేము ఊరికి వెళ్ళి వచ్చేలోపల పని ముగిసింది. గోడలు అద్దంలా నున్నగా ఉన్నాయి. దీపపు గూడు పూడ్చేశారు. తొమ్మిది గీతలూ సిమెంటు కిందికి పోయాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు.

కార్తీక మాసంలో ఈశాన్య ఋతుపవనాల వానలు పట్టుకున్నాయి. కొండను మేఘాలు కమ్ముకుని, పది అడుగుల అవతల ఏమున్నదీ కనిపించని రోజులవి. వానలు వెలిశాక వెళ్ళి చూస్తే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. రంగు పొక్కులు లేచింది. గోడ అడుగున ఉండవలసిన చెమ్మ నడుము ఎత్తుకు పాకింది. తెల్లగా పిండిలాగా చౌడు పొంగింది. డబ్బు పోయింది, ఇల్లు మునుపటికన్నా పాడయింది.

కొండ కింది పల్లెనుంచి ఒక ముసలి బేల్దారిని పిలిపించాను. ఆయన గోడ మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"అయ్యోరూ, చలికాలంలో మీరు గొంగళి కప్పుకుంటారు. దాని బదులు రబ్బరు కోటు తొడుక్కుని పడుకుంటే ఏమయితాది?" అని అడిగాడు.

"చెమటతో తడిసిపోతాను" అన్నాను.

"మీ గోడకూ అదే అయింది సామీ!" అన్నాడు.

బాలలూ, దీపపు వత్తి నూనెను పైకి పీల్చడం మీరు చూశారు కదా! మట్టీ రాయీ కలిసిన గోడ కూడా నేలలోని తడిని అలాగే పీల్చుకుంటుంది. సున్నపు పూతలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. తడి వాటిగుండా ఆవిరై పోతుంది. సిమెంటు పూత దాన్ని అంత తేలికగా పోనివ్వదు. దారి లేక తడి పైపైకి ఎక్కుతుంది. అందులో కరిగిన లవణాలే చౌడుగా పొంగుతాయి. ముప్పై ఐదేళ్ళు సైన్సు పాఠం చెప్పిన నాకు ఈ సంగతి పుస్తకంలో తెలుసు, నా గోడ మీద తెలియలేదు. మా ఆవిడ వైపు చూడడానికి సిగ్గేసింది. "నువ్వు చెప్పినప్పుడే వినవలసింది" అన్నాను. "ఇప్పుడు విన్నారు కదా, ఉలి అందుకోండి" అన్నది.

ఇరవై రోజులు మేమిద్దరమూ, బేల్దారీ, ఆయన మనుమడూ కలిసి సిమెంటు చెక్కాము. ఎంత జాగ్రత్తగా చెక్కినా పాత పూత దానితోబాటే ఊడి వచ్చింది. గీతలున్న చోట మా ఆవిడ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు, తానే చెక్కింది. ఎనిమిది గీతలు రాలిపోయాయి. గూటి పక్కన ఒక్కటి మిగిలింది. అది ఆమె తొమ్మిదేళ్ళ గీత.

ఇక సున్నం సంగతి వినండి. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే దానిలోని బొగ్గుపులుసు గాలి పోయి పొడి సున్నం మిగులుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి, సలసల కాగుతుంది. (దాని దగ్గరికి పిల్లలు పోకూడదు. కంట్లో పడితే చూపే పోవచ్చు.) ఆ సున్నాన్ని గుంటలో నీళ్ళ కింద నెల రోజులు నానబెట్టాము. తరువాత ఇసుక కలిపి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళూ బెల్లపు నీళ్ళూ పోస్తూ రోకళ్ళతో దంచాము. పూర్వం దీన్ని ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. అందుకే గానుగ సున్నం అన్నారు. పూత పూశాక తడి గోతాలు కప్పి నెమ్మదిగా ఆరనిచ్చాము. సున్నం గాలిలోని బొగ్గుపులుసు గాలిని మళ్ళీ పీల్చుకుని, మెల్లమెల్లగా రాయిగా మారుతుంది. అంటే బట్టీలో పోయిన గాలి గోడ మీద తిరిగి వచ్చి చేరుతుందన్నమాట! మీ మాస్టారి ఎదుట తేట సున్నపు నీటిలోకి గొట్టంతో ఊది చూడండి. నీరు పాలలా తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని గాలి చేసే పని అది. నీటిని మాత్రం నోటిలోకి పీల్చకండి.

అలంకారమంతా మా ఆవిడదే. గోడలకు తెల్లసున్నంలో చిటికెడు నీలిమందు కలిపి వేసింది. అడుగున జానెడు ఎత్తు జాజు పట్టీ తీర్చి, దాని మీద ముగ్గు చుక్కలు పెట్టింది. ముందు గదిలో శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కట్టింది. ఆ గుడ్డను కూడా రంగులు వేసే ముందు కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచుతారట. "గోడకూ గుడ్డకూ ఒకే కాయ!" అని నవ్వింది. నేను పాత బడి బల్లల చెక్కతో పుస్తకాల బీరువా చేశాను. అది కొంచెం ఒక వైపుకు ఒరుగుతుంది.

ఆ తరువాత రెండు వానాకాలాలు గడిచాయి. గోడ అడుగున కొంచెం చెమ్మ వస్తుంది, ఎండ రాగానే పోతుంది. ఉదయం తలుపు తీస్తే బండల మధ్య పసుపు గొంతు పికిలిపిట్ట కూస్తుంది. దక్షిణ భారతంలోని రాతి కొండల మీద తప్ప ఆ పిట్ట మరెక్కడా ఉండదు. మేమింకా కాశీకి పోలేదు. మళ్ళీ డబ్బు కూడబెడుతున్నాము.

పోయిన వేసవిలో మా మనుమరాలు వచ్చింది. దానికీ తొమ్మిదేళ్ళే. మా ఆవిడ దాన్ని గూటి పక్కన నిలబెట్టి, జాజులో పుల్ల ముంచి గీత గీసింది. పాత గీతకన్నా కొత్తది రెండు వేళ్ళు పైన ఉన్నది.

"అమ్మమ్మా, నీకంటే నేనే పొడుగు!" అని అది గంతులు వేసింది.

మా ఆవిడ గూట్లో దీపం వెలిగించి, ఆ గీత పక్కన సంవత్సరం వేసింది.