గొంతులో వణుకు, గొంతులో అల

ప్రార్థనలో పిల్ల గొంతు వణికితే వెనక వరసలో నిలబెట్టే అలవాటు చాలా బడుల్లో ఉంది. తండా పిల్లలకు ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

నలభై దాటాక నేను పాట నేర్చుకోవడం మొదలుపెట్టాను. ముండ్లమూరులో పిల్లలకు గేయాలు చెప్పాలంటే ముందు నా గొంతు దారికి రావాలి కదా! గొంతు ఊగడంలో రకాలున్నాయని అప్పుడు తెలిసింది.

ఒకటి భయపు వణుకు. ఊపిరి బిగబట్టి పాడితే వస్తుంది. దానికి లెక్కా వరసా ఉండదు. రెండోది గొంతు కుదిరినకొద్దీ వచ్చే అల. పాశ్చాత్య సంగీతంలో దీన్ని వైబ్రాటో అంటారు. దీర్ఘం తీసినప్పుడు స్వరం సెకనుకు అయిదారు సార్లు కొంచెం పైకీ, కొంచెం కిందికీ ఊగుతుంది. ఆ ఊపు సమంగా ఉండటం వల్ల చెవికి వణుకులా కాక నిండుగా వినపడుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930ల నాటికే ఈ ఊపును కొలిచి చూపించాడు.

మూడోది కర్ణాటక సంగీతంలోని కంపితం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో చెప్పిన 15 గమకాల్లో ఇదొకటి. ఏ రాగంలో ఏ స్వరాన్ని ఎంత ఊపాలో గురువు దగ్గర విని నేర్చుకోవాలి. తోడిలో గాంధారం ఊగకపోతే అది తోడి అనిపించదు. బడి హార్మోనియం మెట్లమీద ఈ ఊపు పలకదు. గొంతు నుంచి గొంతుకే రావాలి.

వైబ్రాటో ఎలా పుడుతుంది? స్వరతంత్రులను సాగదీసే చిన్న కండరాలు బిగుస్తూ సడలుతూ ఉండటం వల్ల. అవి తేలికగా ఆడాలంటే కింద నుంచి ఊపిరి సమంగా అందాలి. దవడ ఆడించి, పొట్ట కుదిపి తెచ్చుకునే ఊపు అలవాటైతే వదిలించుకోవడం కష్టం.

నేను చేయించే సాధన ఇది. నిటారుగా నిలబడి, పొట్టమీద చెయ్యి పెట్టుకుని, ఎనిమిది లెక్కపెట్టేదాకా ‘ఆ’ అని ఒకే స్వరం పట్టాలి. అది కదలకుండా నిలిచాక, పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య ఉయ్యాలలా నెమ్మదిగా ఊగాలి. తర్వాత కొద్దికొద్దిగా వేగం పెంచాలి. గడ్డం పట్టుకుంటే దవడ ఆడుతోందో లేదో తెలిసిపోతుంది. రోజుకు పది నిమిషాలు చాలు.

ఆరో తరగతిలో ఒక తండా పిల్ల ఉంది. ‘మేకపిల్ల గొంతు’ అని ఎవరో అన్నారట, పాట మానేసింది. మూడు వారాలు ఆ పిల్లచేత పాటేమీ పాడించకుండా ఒట్టి ‘ఆ’ పట్టించాను. ఊపిరి కుదిరింది, భయపు వణుకు తగ్గింది. వైబ్రాటో ఇంకా రాలేదు. దానికి తొందర లేదు. పిల్ల మాత్రం ముందు వరసలో నిలబడి పాడుతోంది.

మన సుగాలి పెళ్లిళ్లలో ఢావ్లో ఉంది. పెళ్లికూతురు పుట్టింటిని విడిచిపోతూ అయినవాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. అందులో గొంతు వణుకుతుంది, పాట మాత్రం తెగదు. అది వచ్చిన యాడీలు మన తండాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను బడికి పిలవండి. ఏడుపులోనూ ఊపిరి ఎక్కడ తీసుకుంటారో పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి విననివ్వండి.