పండుకి వేయించని సూది



ప్రతి నెలా ఈ పేజీలో స్పెల్లింగుల గురించో, రీడింగ్ అలవాటు గురించో రాస్తుంటాను. ఈసారి మా పిల్లి గురించి రాస్తున్నాను. చదివాక, ఇది పిల్లి గురించి మాత్రమే కాదని మీకే తెలుస్తుంది.

పోయిన వర్షాకాలంలో మేం అద్దెకుంటున్న ఇంటి మెట్ల కింద తడిసి వణుకుతూ దొరికింది పండు. రెండు నెలలు కూడా ఉండవు. పశువుల డాక్టరు గారికి చూపిస్తే, పాన్‌ల్యూకోపీనియాకీ, జలుబు తెప్పించే మరో రెండు వైరస్‌లకీ కలిపి వేసే టీకా వేశారు. ఆ రోజంతా పండు పడుకునే ఉంది, పాలు ముట్టలేదు. మర్నాటికి మామూలే. అంతవరకూ భయపడాల్సిందేమీ లేదని ముందే చెప్పారు.

4 వారాల తర్వాత రెండో డోసు. "ఒక అరగంట ఇక్కడే కూర్చోండి" అన్నారు డాక్టరు గారు. నాకేమో యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దే పని ఉంది. పోయినసారి ఏం కాలేదు కదా అని బుట్టలో పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చిన కాసేపటికి పండు రెండుసార్లు వాంతి చేసుకుంది. కళ్ల చుట్టూ, మూతి వాచిపోయాయి. నోరు తెరిచి రొప్పుతోంది. ఆటోలో వెనక్కి పరిగెత్తాను. వెంటనే ఇంజెక్షన్లు ఇచ్చి, సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నారు. పండు బతికింది.

ఆ సాయంత్రం డాక్టరు గారు నాకు ఓపిగ్గా చెప్పారు. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు నీరసం, కొద్దిగా జ్వరం, తిండి తగ్గడం మామూలే. సూది వేసిన చోట చిన్న గడ్డ వచ్చి, కొన్ని వారాల్లో తగ్గిపోవచ్చు. అది 3 నెలలైనా పోకపోయినా, 2 సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా తప్పక చూపించాలి. మొహం వాపు, వాంతులు, ఆయాసం మాత్రం చాలా అరుదు. వస్తే మాత్రం నిమిషాల లెక్కే. అందుకే అరగంట ఉండమనేది. "కార్డులో రాశాను. తర్వాత రేబిస్ టీకా ఉంది. దాన్ని విడిగా, జాగ్రత్తగా వేద్దాం. మానేయకండి" అన్నారు.

నేను మానేశాను. "చచ్చి బతికింది, ఇంక దానికి సూదులొద్దమ్మా" అంది మా అమ్మ. నా మనసులోనూ అదే ఉంది. కార్డు బీరువాలో పెట్టేశాను.

మా ఓనరు గారి మనవరాలు సాయంత్రాలు నా దగ్గరికి చదువుకోడానికి వస్తుంది. ఒకరోజు ఎంత ఎండగా ఉన్నా పొడుగు చేతుల గౌను వేసుకునే కూర్చుంది. చేయి పైకెత్తినప్పుడు కనబడింది, మోచేతి దగ్గర ఎర్రటి గీత. "పండు గీరింది అక్కా. నిన్న. అమ్మకి చెప్పొద్దు, ఇంజెక్షన్ వేయిస్తుంది."

పాపని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బుతో 15 నిమిషాలు కడిగాను. కిందికి వెళ్లి వాళ్లమ్మకి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. ఒక్కటే అడిగారు. "మీ పిల్లికి రేబిస్ టీకా వేయించారా టీచర్ గారూ?"

పదేళ్ల పిల్ల ఎందుకు దాచిందో నాకప్పుడు అర్థమైంది. నేనూ అదే కారణంతో కార్డు దాచాను కదా!

లేదని చెప్పాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ముందే టీకా వేస్తే ఆపగలం. ప్రభుత్వాసుపత్రిలో పాపకి మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి టీకాలు వేశారు. నాలుగుసార్లూ నేనే వెంట వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ పాప నా చేయి గట్టిగా పట్టుకునేది. పండుని 10 రోజులు విడిగా ఉంచి గమనించమన్నారు. దానికేం కాలేదు. ఆ తర్వాత కార్డు తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. రేబిస్ టీకా ఒక్కటే వేయించి, అరగంట కాదు, గంట కూర్చున్నాను. పండు బుట్టలో నిద్రపోయింది.

ఇంట్లో పిల్లీ కుక్కా ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ నా మనవి ఇది. టీకాతో ఇబ్బంది వస్తే, దాన్ని డాక్టరుకి చెప్పండి. తర్వాతి టీకా వేయాలో వద్దో, ఎలా వేయాలో వారు చూసుకుంటారు. మనంతట మనమే ఆపేయొద్దు. 10 ఏళ్లకీ, 16 ఏళ్లకీ పిల్లలకి వేసే టీడీ టీకా విషయంలోనూ అంతే. మీ బాబుకో పాపకో ఇంతకుముందు ఏ టీకాకైనా దద్దుర్లు, వాపు వచ్చి ఉంటే, స్కూల్ హెల్త్ కార్డులో రాసి పంపండి. వేయించాక అరగంట అక్కడే ఉండండి. పేపర్లు ఎక్కడికీ పోవు.

ఇంకొక్క మాట. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని పిల్లల్ని బెదిరించకండి. ఆ మాట విన్న పిల్లలు గాయాన్ని చొక్కా చేతుల కింద దాచుకుంటారు. ఈ రాత్రి అన్నం పెడుతూ ఒక్కసారి అడగండి: "ఏ కుక్కయినా, పిల్లయినా ఎప్పుడైనా గీరిందా నాన్నా? చెప్తే తిట్టను." నిజంగానే తిట్టకండి.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్