పేరు పెట్టువారెవరు?

కశింకోటలోని మా యింట మొన్న మా దౌహిత్రునకు బారసాల జరిగినది. వియ్యాలవారు బిడ్డకు పెట్టవలసిన పేరు నిశ్చయించుకొనియే వచ్చిరి. తొలి మగబిడ్డకు తండ్రితండ్రి పేరిడుట మనలో నాచారము, మేమును కాదనలేదు. ముందునాటి సాయంకాలము మా యమ్మాయి పురిటిగదినుండి యొక కాగితపు ముక్క నంపినది. దానిపై ‘వ్లదీమిర్’ అని యుండెను.

వియ్యపురాలు దానిని చదివించుకొని, “పేరులోనే ‘వలదు’ అని యున్నదే! ఇంక మేమేమందుము?” అని నవ్వినారు. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కొంతసేపటికి గది తలుపు మూసికొన్న చప్పుడు వినబడినది.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మాస్కోలో తెలుగున ముద్రితములై విశాలాంధ్రవారి యంగళ్లలో చౌకగా దొరకిన రష్యా పుస్తకములను కొని యింట బెట్టినది మేమే. “చదువుము, లోకమును చూడుము” అని యామె చేతికిచ్చినదియు మేమే. ఆమె చదివి తన కోరిక యొక్కటి తెలుపగా నవ్వినదియు మేమే.

ఆ పేరున రెండు పదములు గలవు. మొదటిది ఏలుబడిని దెల్పును. రెండవది తొలుత గొప్పవాడు, ప్రసిద్ధుడు అను నర్థము గల ‘మేర్’. కాలక్రమమున జనులు దానిని ‘మిర్’ అని పలికి, లోకమనియు శాంతియనియు నర్థము చెప్పుకొనిరి. ఏలుబడియందు గొప్పవాడు ఇట్లు లోకము నేలువాడాయెను. పేరునకు అర్థము పెట్టినవారు చెప్పినదే కాదు, పిలుచువారు కల్పించినది కూడ.

988 ప్రాంతమున క్రైస్తవమును స్వీకరించి, తన ప్రజలచేతను స్వీకరింపజేసిన కీవ్ ప్రభువు వ్లదీమిర్. 1870లో జన్మించి, 1918లో మతమును రాజ్యమునుండి వేఱుచేసిన ప్రభుత్వమునకు నాయకుడైన ఉల్యానొవ్ కూడ వ్లదీమిరే. ఈతనిని మనవారు లెనిన్ అను మాఱుపేరుతోనే యెఱుగుదురు. తమ బిడ్డలకును ఆ మాఱుపేరునే పెట్టుకొనిరి. విలువిద్యలో పేరు గాంచి 2010లో అకాలమరణము నందిన చెరుకూరి లెనిన్ అట్టివాడు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయినుపై దండెత్తినపుడు ఇటు పుతిన్ వ్లదీమిర్, అటు జెలెన్‌స్కీ వొలొదిమిర్. పేరు ఒక్కటే, ఉచ్చారణమే భేదము. పేరులోని శాంతి యుద్ధము నాపలేదు. కావున ఘనుల పేరిడినంతనే బిడ్డ ఘనుడగునను భ్రమ మాకు లేదు.

అయినను ఒక వృత్తాంతము మా మనస్సును పట్టుకొనినది. 1131 జనవరిలో డెన్మార్కు రాజకుమారుడగు క్నుద్ లావార్డ్ హత్యకు గుఱియయ్యెను. వారము దినములకు ఆయన భార్య ఇంగెబోర్గ్ మగబిడ్డను గనెను. ఆమె కీవ్ రాజవంశపు ఆడుపడుచు. ఆ బిడ్డకు తల్లివైపు ముత్తాతయగు వ్లదీమిర్ మొనొమాఖ్ పేరు వచ్చినది. డెన్మార్కువారి నోట అది వాల్దెమార్ అయినది. అతడే పిమ్మట రాజై వాల్దెమార్ ది గ్రేట్ అని ప్రసిద్ధి కెక్కెను. ఆ పేరు ఆ దేశమున మఱి ముగ్గురు రాజులకు సంక్రమించినది. దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందటనే తల్లి పుట్టినింటి పేరు బిడ్డకు చెల్లగా, నేడు మా యింట తల్లి వ్రాసిన పేరు నవ్వులపాలయ్యెను గదా!

తెల్లవారగనే మేము గది తలుపు తట్టి, “అమ్మా, నవ్వుట మా తప్పు, నీ యిష్టమే వ్రాయింతుము” అంటిమి. వియ్యంకుల యెదుటను ఆ మాటయే చెప్పితిమి. ఆయన కొంతసేపూరకుండి, “తల్లినే వ్రాయనిండు” అనిరి.

పళ్లెరములోని బియ్యముపై అల్లుడు వ్రాయుటకు మాఱుగా మా యమ్మాయి ఉంగరముతో వ్రాసినది. మొదట మామగారి పేరు, దాని క్రింద వ్లదీమిర్. మామగారి పేరు వ్రాయుమని ఆమెకెవ్వరును చెప్పలేదు. వియ్యపురాలు ఇప్పుడు ఉయ్యాల నూపుచు, “వలదిమీరా!” అనియే పిలుచుచున్నారు.

చదువరులారా, బిడ్డ పేరునకై మనము తాతల నడుగుదుము, పురోహితు నడుగుదుము, పంచాంగము నడుగుదుము. తొమ్మిది నెలలు మోసినదానిని కూడ నొకమాఱడుగుదము.