ఇంటిపేరు అడగని గది

పోయిన భాగంలో బెల్టు షాపుల గురించి రాశాక చాలామంది విద్యార్థులు ఒకటే అడిగారు: "మేడం, రాజకీయం అర్థమైంది. ఇప్పుడు మా నాన్నని ఎక్కడికి తీసుకెళ్ళాలి?" న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వం మందు మీద ఆదాయం వదులుకునేదాకా మన ఇళ్ళల్లో ప్రాణాలు ఆగవు కదా. అందుకే ఈసారి మా తమ్ముడితో నేను తిరిగిన తిరుగుడు చెప్తాను. వాడికి చదివి వినిపించాను. "పెట్టక్కా, పేరు మాత్రం వద్దు" అన్నాకే పెడుతున్నాను.

వాడు కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. క్వార్టర్ పడకుండా మురుగు కాలవలో దిగమంటే ఎవరు దిగుతారు? మొదట్లో చీపురూ పారా లాగే మందూ ఒక పనిముట్టు. తర్వాత పనిలేని రోజుల్లో కూడా కావాల్సొచ్చింది. పొద్దున లేస్తే చేతులు వణికేవి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. రోజూ ఎక్కువ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి లేనివి కనపడొచ్చు, ప్రాణమే పోవచ్చు. ఒట్టు వేయించి గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు. ముందు డాక్టరు. మేం ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్ళాం. వణుకు తగ్గాక అక్కడి కౌన్సెలరే మీటింగు జరిగే చోటు చెప్పింది.

అది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే సర్జన్ కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుకి బానిసలే. తాగినవాడి గోడు తాగినవాడే వినగలడన్నది వాళ్ళు పట్టుకున్న కిటుకు. మన దేశానికి 1957లో వచ్చింది.

మేం వెళ్ళింది ఒక చర్చి బడిలో తరగతి గది. ఇరవై కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు. ఫీజు లేదు. డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్ళు పదో ఇరవయ్యో వేస్తారు. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రారు. ఓపెన్ మీటింగు కాబట్టి నేనూ కూర్చోగలిగాను. క్లోజ్డ్ మీటింగుకి తాగుడు సమస్య ఉన్నవాళ్ళే వెళ్ళాలి. మనలాంటి ఇంటివాళ్ళ కోసం 1951లో మొదలైన ఆల్-అనాన్ వేరే ఉంది.

మన దేశంలో పేరు అడిగాక ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాత ఊళ్ళో ఏ వైపు అని అడుగుతారు. ఆ గదిలో ఉత్త పేరుతో సరి. నాకు అది చాలా నచ్చింది. తమ్ముడు మాత్రం మూడు వారాలు నోరు విప్పలేదు. ఒకరోజు తిరిగొస్తుంటే బండి వెనక నుంచి అన్నాడు: "ఆ బ్యాంకాయన తాగానంటే అది జబ్బక్కా. నేను తాగానంటే కులం."

నిజమే. మోతుబరి తాగితే సరదా, మాదిగోడు తాగితే జాతి బుద్ధి. ఇంటిపేరు దాచినా చేతుల మీది మురుగు పుండ్లు దాగవు. అందరూ కలిసి కూర్చున్న గదిలో నిజం చెప్పడానికి అందరికీ ఒకే ఖర్చు కాదు.

వాడి భయం తీర్చింది నా ఉపన్యాసం కాదు. తొమ్మిదేళ్ళ కిందట మానేసిన ఒక ఆటో అన్న మీటింగయ్యాక వాడి పక్కన కూర్చున్నాడు. మనవాడే. తన కథ చెప్పి నంబరిచ్చాడు. "తాగాలనిపిస్తే రాత్రి పన్నెండైనా ఫోన్ చెయ్యి తమ్ముడూ, తాగాక కాదు, ముందే" అన్నాడు. మరుసటి వారం తమ్ముడు కాలవ గురించి నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఎవరూ అయ్యో అనలేదు. అందరికీ చెప్పినట్టే వాడికీ థాంక్యూ చెప్పారు. మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు. ఎవరూ వెళ్ళగొట్టలేదు, రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు ఏడో నెల.

అంబేడ్కరైట్లకి ఒక చిక్కుంది. ఏఏ పన్నెండు మెట్లలో దేవుడు పదే పదే వస్తాడు. నాకూ గుచ్చుకుంది. మొదటి తరం సభ్యుల్లోనే దేవుణ్ణి నమ్మనివాళ్ళు పట్టుబట్టడంతో "మాకు అర్థమైన రీతిలో" అనే సవరణ చేరింది. ఆ గుంపునే తమకన్నా పెద్ద శక్తి అనుకుని సాగేవాళ్ళూ ఉన్నారు. మనకైతే పంచశీలలో ఐదోది మత్తు గురించే. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేదీ ఒకటి.

ఆ గది చేయలేనిదీ ఉంది. బయటి వివాదాల మీద ఏఏ ఏ పక్షమూ తీసుకోదు. గ్లవ్స్ ఇవ్వని కాంట్రాక్టరు గురించి, వాడలో బెల్టు షాపు గురించి అక్కడ తీర్మానాలుండవు. ఆ పని మనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం వచ్చింది. మనిషిని నిలబెట్టడానికి ఆ గదీ కావాలి, దుకాణం మూయించడానికి ఈ వీధీ కావాలి.

మీ ఊళ్ళో మీటింగు దొరక్కపోతే 14446కి ఫోన్ చేయండి, టోల్‌ఫ్రీ. లేదా జిల్లా ఆసుపత్రిలో అడగండి. ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

చివరిగా మనలో మన మాట. మన సభలు అయిపోయాక రాత్రి ఏం జరుగుతుందో మీకు తెలుసు. అక్కడ ఎవరైనా "నాకొద్దన్నా" అంటే గ్లాసు ముందుకు తోయకండి, ఎందుకని అడగకండి. వాడికి అది ఎన్నో రోజో మీకు తెలియదు.

జై భీమ్.